మానేసర్‌తో పోలిక

మీటింగులో వైశాలి తెర మీద మొదటి బొమ్మ వేయగానే ఇంద్రజకు ఒళ్ళు మండింది. పక్కపక్కన రెండు గీతలు. పచ్చగా పైకి లేచింది మానేసర్ ఫ్యాక్టరీ, ఎర్రగా కిందనే మిగిలిపోయింది ఫరీదాబాద్ ఫ్యాక్టరీ. రెండూ ఒకే కంపెనీవి, రెండింట్లోనూ కార్లకు కావలసిన ఇనుప బ్రాకెట్లే తయారవుతాయి. పనితీరు మెరుగుపరచడానికి హెడ్డాఫీసు పిలిపించిన కన్సల్టెంటు వైశాలి. ఇంకా ముప్పై నిండని పిల్ల, ఒక ఫ్యాక్టరీని కొలబద్ద చేసి రెండోదాన్ని కొలిచింది.

"మానేసర్ మన బెంచ్‌మార్క్. అక్కడ రిజెక్షన్ దాదాపు జీరో. గ్రైండింగ్ సెక్షనే లేదు. ఫరీదాబాద్ ఖర్చంతా గ్రైండింగ్‌కే పోతోంది. ఆ సెక్షన్ మూసేయాలని నా రికమెండేషన్," అంది ఇంగ్లీషులో.

ఆ సెక్షన్‌కు ఇంద్రజే ఇన్‌చార్జి. అది మూతపడితే ఆమెను ఇంకెక్కడో కూర్చోబెడతారు. కమల, ఆమెతోపాటు గ్రైండర్ల ముందు నిలబడే మిగతా ఆడవాళ్ళు మాత్రం రోడ్డున పడతారు.

మానేసర్‌లో రిజెక్షన్ ఎందుకు లేదో ఇంద్రజకు తెలుసు. అక్కడ గరుకు అంచులతో దిగిన సరుకంతా సాయంత్రం వ్యానెక్కి ఫరీదాబాద్ వస్తుంది. ఇక్కడి ఆడవాళ్ళు నున్నగా రుద్ది పంపుతారు. అక్కడి లెక్కలో అది మొదటి దెబ్బకే బాగా వచ్చిన సరుకు. రుద్దిన ఖర్చు ఫరీదాబాద్ నెత్తిన. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పేరు వాళ్ళది.

దీనికి మూలం తెలుగు సంఘం వారి కార్తీక వనభోజనాలు. మానేసర్ మేనేజరు రఘురామ్ పులిహోర విస్తరి పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊరక రారు మహానుభావులు అని అప్పుడే అనుకోవలసింది.

"ఇంద్రజమ్మా, మా కొత్త డై ఇంకా కుదురుకోలేదమ్మా. ఓ నాలుగు రోజులు మా సరుకు కాస్త మీవాళ్ళ చేత రుద్దించి పెట్టు. మనలో మనకి కాగితాలెందుకు."

ఇంత ఢిల్లీలో అన్నయ్యగారూ అని పిలవడానికి దొరికిన మనిషి. సరేనంది. ఆ నాలుగు రోజులు రెండేళ్ళయ్యాయి. బ్రాకెట్లను ఒత్తే ఆ డైని బాగుచేయించే ఖర్చు మిగిల్చి ఆయన హెడ్డాఫీసు చేత శభాష్ అనిపించుకున్నాడు.

ఇంద్రజ లేచి ఉన్నదంతా చెప్పింది. వైశాలి శ్రద్ధగానే విన్నది.

"రికార్డ్ ఏదైనా ఉందా, మేడమ్?"

"లేదు. నోటిమాట మీద జరిగింది."

ఎదురుగా కూర్చున్న రఘురామ్ వైపు తిరిగి ఇంద్రజ తెలుగులోనే అడిగింది. "అన్నయ్యగారూ, మీరే చెప్పండి."

రఘురామ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "లెట్ అజ్ స్టిక్ టు ద డేటా, మేడమ్," అన్నాడు.

మేడమ్ అట. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను ఇంద్రజ చాలామందిని చూసింది గాని, తెప్ప మీద కూర్చునే నిప్పు పెట్టేవాణ్ణి ఇప్పుడే చూసింది. వైశాలి మీద కూడా కోపం వచ్చింది. ఇంకొకరిని కొలిచే ముందు చేతిలో ఉన్న కొలబద్ద సరిగ్గా ఉందో లేదో చూసుకోవద్దా? అన్నిటికంటే ఎక్కువగా తన మీదే వచ్చింది. అన్నయ్యగారూ అన్న పిలుపుకు ఆడవాళ్ళ కూడు తాకట్టు పెట్టింది తనే.

"రికార్డ్ లేనిది రిపోర్టులో రాయలేను. ఫైనల్ రిపోర్ట్ శుక్రవారం ఇవ్వాలి," అంది వైశాలి.

ఆ సాయంత్రం మానేసర్ వ్యాన్ వచ్చేసరికి ఇంద్రజ గేటు దగ్గర నిలబడి ఉంది.

"వాపస్ లే జావో, భయ్యా," అంది డ్రైవరుతో. "మానేసర్‌లో గ్రైండింగ్ లేదు. ఇక్కడా లేదు."

డ్రైవర్ విషయం ఫోన్‌లో చేరేశాడు, వ్యాన్ వెనక్కి తిరగకముందే రఘురామ్ ఇంద్రజకు ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా ఇంద్రజమ్మా, పొద్దున్నకల్లా ఆ సరుకు కస్టమర్‌కి వెళ్ళకపోతే వాళ్ళ లైన్ ఆగిపోద్ది. నా ఉద్యోగం మీదకొస్తదమ్మా."

"మా ఆడవాళ్ళ ఉద్యోగాల మీదకొచ్చినప్పుడు మీరు అద్దాలు తుడుచుకున్నారు గదండీ."

"అక్కడ అంతమంది ముందు నేనేం చెప్పగలనమ్మా. మనవాళ్ళం మనం."

"మెయిల్ పెట్టండి, సార్."

సార్ అనేసరికి ఆయన గొంతు ఇంకా తగ్గించాడు.

"మనలో మనకి మెయిల్స్ ఎందుకమ్మా?"

"పొద్దున మీరు మాట్లాడిన ఇంగ్లీషులోనే పెట్టండి. మా సరుకు రుద్ది పంపండి అని. రెండేళ్ళుగా పంపుతున్నట్టే, అని కూడా రాయండి. వైశాలిగారికి కాపీ పెట్టండి. అది వచ్చేదాకా గేటు తియ్యను."

డ్రైవర్ బీడీ ముట్టించుకున్నాడు. షిఫ్టు ముగిసిన కమల, మిగతా ఆడవాళ్ళు లోపల చేతులు కడుక్కుని, ఇళ్ళకు వెళ్ళకుండా గేటు వైపే చూస్తూ నిలబడ్డారు. ఇంద్రజ వాళ్ళ వైపు చూడలేకపోయింది.

చాలాసేపటికి ఫోన్ టింగుమంది. మెయిల్ డియర్ మేడమ్ అని మొదలైంది. ఇంద్రజ చివరిదాకా చదివింది. రెండేళ్ళుగా అన్న మాట ఉందో లేదో చూసుకుంది. వైశాలి పేరు ఉందో లేదో చూసుకుంది. అప్పుడు గేటు తీయమంది.