మీ ఇష్టం సార్

ప్రవళిక మా ముందు గదిలో కిరాయికి దిగి అప్పటికి రెండు నెలలు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. నిజాంసాగర్ కాలువ చివరి పొలాల్లో చౌడు ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవడానికి బాన్సువాడ వచ్చింది. వాళ్లమ్మ భాగ్య బిచ్కుంద దగ్గరి ఊళ్లో నాట్లకు పోతుంది. ప్రవళిక పొద్దున్నే బయలుదేరి, సాయంత్రం సంచీ నిండా మట్టి పొట్లాలతో తిరిగొచ్చేది. ఒక్కో పొట్లం మీద రైతు పేరు, తేదీ.

ఆ అమ్మాయిని ఏమడిగినా ఒకటే జవాబు.

"నీళ్ల మోటరు పొద్దున వేయనా, సాయంత్రం వేయనా?"

"మీ ఇష్టం సార్."

"ఫ్యాను చప్పుడు చేస్తున్నట్టుంది, బాగు చేయించనా?"

"మీ ఇష్టం సార్."

నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ని. ఎంత వినయం అని మురిసిపోయాను. ఫ్యాను మాత్రం బాగు చేయించలేదు.

ఒక సోమవారం పొద్దున ప్రవళిక పొలాలకు పోలేదు. వరండాలో ఫోను పట్టుకుని కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"నా పేపర్ల నా పేరు రెండోది అయింది సార్."

దయానంద్ అని వాళ్ల గైడు మెయిల్ పెట్టాడట. 'అనుకున్నట్టే సాగర్ పేరు ముందు పెట్టాను. బుధవారం రీసెర్చ్ పత్రికకు పంపేద్దాం.' సాగర్ ఆమెకు సీనియర్. మొదటి పేరు తనది కాకపోతే ఈ ఏడు థీసిస్ ఇవ్వడానికి కుదరదని, ఇంకో ఏడాది ఆగాలని చెప్పింది. ఆ ఏడాది కూడా వాళ్లమ్మ వంగి నాట్లు వేయాల్సిందేనని నాకు అర్థమైంది.

"అనుకున్నట్టే అంటే? ఎవరు అనుకున్నారు?"

"పోయిన వారం ఫోన్ల అడిగిండు సార్. సాగరన్నకు ఇంటర్వ్యూ ఉంది, ఆయన పేరు ముందు పెడదామా అని."

"నువ్వేమన్నావు?"

ప్రవళిక తల దించుకుంది. "మీ ఇష్టం సార్ అన్న."

వంటింట్లోంచి నవ్వు వినిపించింది. మా ఆవిడ సత్యమ్మ పోయిన ఈ మూడేళ్లుగా పక్కింటి అంజవ్వే వచ్చి నాకింత వండిపెడుతోంది. గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"ఓ పిల్లా, గా మాట మన ఇండ్లల్లనే నడుస్తది. ఇంకింత కూర ఎయ్యనా అంజవ్వా అని సత్యమ్మ అడిగితే నేను గూడ గట్లనే అంటుంటి, నీ ఇష్టమమ్మా అని. అంటే ఎయ్యిమనే. సత్యమ్మకు ఎరుకైతుండె. గా పట్నం సారుకు ఎట్ల ఎరుకైతది?"

"నిజంగనే ఒప్పుకున్న అనుకుంటడా అవ్వా?"

"ఎందుకు అనుకోడు? ఈ సారు అనుకోలేదా? నీ ఫ్యాను చూడరాదు!"

నేను నవ్వాను కానీ మనసు వంటింటి వైపు పోయింది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ వద్దంటున్నాడు, తూర్పు వైపు కిటికీ మానేద్దామా అని సత్యమ్మను అడిగాను. మీ ఇష్టం అంది. గోడ కట్టించాను. ఇరవై ఆరేళ్లు ఆమె పట్టపగలు లైటు వేసుకుని వంట చేసింది.

"నేను దయానంద్ అనుకుని మాట్లాడు" అన్నాను ప్రవళికతో.

"సార్, మీరు ఏమనుకోకపోతే... మీకు తీరిక ఉంటే... చిన్న సంగతి సార్..."

"పర్వాలేదమ్మా, నిదానంగా చెప్పు."

"గింత మంచిగ మాట్లాడే సారైతే ఇగ ఫికరేముంది? జరుగుండ్రి" అని అంజవ్వ నా కుర్చీలో కూర్చుంది. "ఏమ్మా! నాకు పనుంది. జల్ది చెప్పు!"

"అది... మొదటి పేరు సార్..."

"నీకెందుకు?"

"పొలాలన్నీ నేనే తిరిగిన. నూట పన్నెండు. రాసింది గూడ నేనే."

"మరి సాగర్ ఊకె కూసున్నడా?"

"లేదు. మిషన్ మీద పరీక్షలు చేసిండు."

"ఆయనది కష్టం కాదా?"

అంజవ్వ పప్పు మాడుతోందని లేచి పోయింది. ప్రశ్న మాత్రం మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. ప్రవళిక ఫోనులో పరీక్షల లెక్కలు తిరగేసి అంది.

"బావుల నీళ్ల పరీక్షలు వేరే ఉన్నయి సార్, వాటి మీద ఇంకో పేపరు రాయాలె. దాంట్ల ఎక్కువ పని సాగరన్నదే. గా పేపరుకు ఆయన పేరే ముందుండాలె."

"అయితే ఆ మాటే చెప్పు."

ఖాళీ పొట్లం వెనక మూడు వాక్యాలు రాసుకుంది. నాలుగోది అంజవ్వ చెప్పి రాయించింది: 'మీ ఇష్టం అనొద్దు.'

మధ్యాహ్నం ఫోను స్పీకర్లో పెట్టి చేసింది. పొట్లం చూస్తూ మూడు వాక్యాలూ చెప్పింది.

"అడిగాను కదమ్మా. నీకు అభ్యంతరం లేదనుకున్నాను." దయానంద్ గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నట్టుంది.

"తప్పు నాదే సార్. వద్దని చెప్పనీకి నాకు నోరు రాలే."

"సాగర్‌కు మాటిచ్చేశాను. ఇప్పుడేం చేద్దామంటావు?"

"మీ..." అంది ప్రవళిక. వంటింటి గుమ్మంలో అంజవ్వ గరిటె పైకెత్తింది.

"మీ... మీరు సరేనంటే నేనే సాగరన్నతో మాట్లాడుత సార్. నీళ్ల పేపరు శనివారం లోపల రాసిస్త. ఇంటర్వ్యూల అది చూపించుకోవచ్చు."

"సాగర్ ఒప్పుకుంటే పేర్లు మారుస్తాను."

ఫోను పెట్టేసి, ధైర్యం జారిపోకముందే సాగర్‌కు చేసింది. సాగర్ వెంటనే ఒప్పుకోలేదు.

"నువ్వు సరే అన్నవని సార్ చెప్పిండు చెల్లే. గందుకే నేను ఊకున్న. శనివారం పక్కా ఇస్తవా?"

"పక్కా ఇస్త అన్నా."

"మాట తప్పితే నీ మట్టి పొట్లాలన్నీ కలిపేస్త సూడు" అన్నాడు సాగర్. నవ్వాడు కూడా.

దీపాలు పెట్టే వేళకు మెయిల్ వచ్చింది. ప్రవళిక పేరు ముందుంది. ముందు వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పింది.

అంజవ్వ టీ ఇచ్చాక నేను గొంతు సవరించుకున్నాను. "ఫ్యాను బాగు చేయించనా అమ్మా?"

ప్రవళిక నోరు తెరిచి, వంటింటి వైపు చూసి, ఆగింది.

"చేయించుండ్రి సార్. రెండు నెలల సంది నిద్ర పడ్తలేదు. ఇంకోటి సార్... మోటరు పొద్దుగాల అయిదింటికి ఎయ్యకుండ్రి."

ఎలక్ట్రీషియన్ దుకాణం మూసేలోపు పోదామని చెప్పులు వేసుకున్నాను.