ఇంటిపేరు చాలదు

ఆఫీసులో ఆమెను పేర్లమ్మ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, జిగురు పూసినట్టు అంటుకుపోయింది. "ఆ వైరు ఇలా ఇవ్వు" అంటే "ఏ వైరు?" అని అడిగే మనిషి. "అదేనమ్మా, ఆ ఎర్రది" అంటే, "ఇక్కడ ఎర్రవి చాలా ఉన్నాయి" అనేది. నవ్వేవాళ్లు నవ్వేవారు, విసుక్కునేవాళ్లు విసుక్కునేవారు. ఆమె మాత్రం ఏ వైరో తేలేదాకా చెయ్యి కదిపేది కాదు.

కంపెనీ ఆసుపత్రులకు మందుల ఫ్రిజ్జులు తయారుచేసేది. ప్రతి ఫ్రిజ్జు వెనకా అరచేతి వెడల్పున ఒక బోర్డు, దాని మీద చిన్న కంప్యూటరు. ఆ కంప్యూటర్లోని ఆపరేటింగ్ సిస్టమ్ లేచేటప్పటికి గుడ్డిది. తనకు ఏ సెన్సర్ తగిలించారో, ఏ తీగ చివర ఏ చిప్పు ఉందో దానంతట అది కనిపెట్టలేదు. ఎవరో ఒకరు ఫైల్లో రాసిపెట్టాలి. ఏది రాస్తే అదే వేదవాక్కు. ఆ రాసిపెట్టడమే పేర్లమ్మ ఉద్యోగం.

ఆమె పద్ధతి ఒకటే. ముందు చిప్పు సొంత పేరు, అంటే దాని వీపు మీద తయారీదారు అచ్చువేసిన అక్షరాలు, అంకెలు పొల్లుపోకుండా. ఆ తర్వాత అది ఏ కుటుంబానికి చెందిందో ఆ పేరు. సొంత పేరు ఎరిగిన ప్రోగ్రాము దాన్ని ఆ పేరుతోనే పలకరిస్తుంది, ఎరగనిది కుటుంబం పేరుతో సరిపెట్టుకుంటుంది. బోర్డు మీద చిప్పు మారితే కొత్త బోర్డుకు కొత్త ఫైలు.

ఆ విభాగానికి పెద్ద ఆమె బావ. అక్క భర్త. ముందు పనిచేసిన కంపెనీ మూతపడ్డప్పుడు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆ సంగతి ఆయన ఎప్పుడూ అనలేదు. అక్క మాత్రం అనకుండా ఉండలేకపోయేది. "మీ బావ మాట వేశారు కాబట్టి గానీ" అని మొదలుపెట్టి, మిగతాది చెల్లెలికే వదిలేసేది.

ఒకరోజు బావ ఆమె కుర్చీ పక్కన నిలబడి తెర మీదకు వంగి చూశాడు.

"ఒక్కో బోర్డుకి ఒక్కో ఫైలా? ఇదేం సంతానం?"

"వాటి మీద చిప్పులు వేరు కదా బావగారూ."

"అన్నీ ఒకే కుటుంబం వాళ్లేగా. ఇంటిపేరు రాసి వదిలెయ్. ఒక్క ఫైలు అన్నిటికీ సరిపోతుంది."

"ఇంటిపేరుతో పిలిస్తే ఇంటిల్లిపాదీ పలుకుతారు. మనకి కావాల్సింది ఒక్కరే."

బావ నడుం నిటారుగా చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలాగే అన్నాడు. "నీతో వాదించలేకే కదమ్మా మీ ఆయన వెళ్లిపోయింది."

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు తెరల్లోకి మరీ వంగిపోయారు. పేర్లమ్మ తెర వైపు తిరిగి ఒక్కో ఫైలూ తీసెయ్యడం మొదలుపెట్టింది. సాయంత్రానికల్లా ఫైళ్లన్నీ పోయి ఒక్కటే మిగిలింది. అందులో ఉష్ణోగ్రత సెన్సర్ దగ్గర కుటుంబం పేరు తప్ప ఇంకేమీ లేదు.

కొన్నాళ్లకు ఆ సెన్సర్ బజారులో దొరకడం మానేసింది. కొనుగోళ్లు చూసే పెద్దమనిషి వేరే తయారీదారు దగ్గర ఇంకోటి పట్టుకొచ్చాడు. "అచ్చుగుద్దినట్టు అదేనండీ. కాళ్లు అవే, కొలతలు అవే, పెట్టగానే పనిచేసింది" అని మురిసిపోయాడు. పేర్లమ్మ దాని వివరాల పుస్తకం తెప్పించి చదివింది. దాదాపు అదే. ఒక్కచోట తేడా. సున్నాకు కింద ఉన్న వేడిని ఈ కొత్తది చెప్పే పద్ధతి వేరు. మైనస్ గుర్తును పాతది ఒకచోట పెడితే ఇది ఇంకోచోట పెడుతుంది. పాతదనుకుని చదివితే ఆ గుర్తు కనపడదు. మైనస్ నాలుగు కాస్తా నాలుగైపోతుంది.

ఆమె బావ గదికి వెళ్లింది.

"దీనికి వేరే ఫైలు రాస్తాను. సొంత పేరుతో. ప్రోగ్రాములో కూడా నాలుగు లైన్లు మార్చాలి."

"మారిస్తే పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేయించాలి. ఆమోదాలు మళ్లీ తెచ్చుకోవాలి. ఎప్పటికి తెమిలేది?"

"కనీసం కొత్త చిప్పు వేసిన బోర్డులు ఏవో గుర్తుపెట్టుకోడానికైనా..."

"మన ఫ్రిజ్జు సున్నాకి కిందికి ఎందుకెళ్తుందమ్మా? అది ఫ్రిజ్జు, మంచుకొండ కాదు."

ఆయన ఫోను అందుకున్నాడు. ఆమె వచ్చేసింది.

ఆ చలికాలం ఒక కొండ ఊరి క్లినిక్ నుంచి నర్సు ఫోన్ చేసింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. "మీ ఫ్రిజ్జు మీద నాలుగు అని ఉంది. పచ్చ లైటు వెలుగుతోంది. లోపల చెయ్యి పెడితే ఇన్సులిన్ సీసా గడ్డకట్టి ఉంది. ఇది ఎప్పట్నుంచో నాకు తెలీదు. మాదగ్గర మందు తీసుకునేవాళ్లలో ఒక బస్సు డ్రైవరు నిన్న స్పృహ లేకుండా ఆసుపత్రిలో చేరాడు."

పేర్లమ్మ మర్నాడే బయల్దేరింది. క్లినిక్ వెనక మందుల గదిలో ఊపిరి తీస్తే పొగ కనపడుతోంది. గది చలికే ఫ్రిజ్జు సున్నా దాటి కిందికి జారింది. జారగానే అంకె తలకిందులైంది. లోపల చల్లబడేకొద్దీ, వేడెక్కుతోందనుకుని కంప్యూటరు ఇంకా చల్లబరిచింది. అంకె పెరిగితే తగ్గించడమే దానికి తెలిసిన పని. ఆమె వెనక రేకు విప్పి, భూతద్దం పెట్టి, సెన్సర్ వీపు చదివింది. కొత్తదే.

గడ్డకట్టి కరిగిన మందుకు సత్తువ ఉండదు. చూడ్డానికి మాత్రం మామూలు మందులాగే ఉంటుంది.

తిరిగొచ్చాక ఆఫీసులో అందరికీ అసలు కష్టం అర్థమైంది. సరిచేసిన ప్రోగ్రామును నెట్ ద్వారా ఫ్రిజ్జులన్నిటికీ పంపించవచ్చు. కానీ ఏ ఫ్రిజ్జుకు? పాత సెన్సర్ ఉన్నదానికి పంపితే అది చెడిపోతుంది. ఎక్కడెక్కడ కొత్తది ఉందని అడిగితే ప్రతి ఫ్రిజ్జూ ఒకే జవాబు చెబుతోంది, ఆ ఇంటిపేరే. ఎవరిలో ఎవరున్నారో తెలియాలంటే దేశం మీద పడి ఒక్కొక్క రేకూ విప్పి చూడాల్సిందే.

యజమాని సమావేశం పెట్టాడు. ఆయన అడగకముందే బావ పేర్లమ్మను చూపించి అన్నాడు, "ఫైళ్లు రాసేది తనే." అబద్ధం కాదు. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు.

ఆ ఆదివారం అక్క వచ్చింది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"ఏం జరిగిందో నాకు తెలుసే. ఆయన నాకు చెప్పారు. కానీ నీదొక్క పొట్ట. మావి నాలుగు."

"ఆసుపత్రిలో పడ్డ మనిషికి ఎన్నో కనుక్కున్నావా అక్కా?"

"నేను మన ఇంటి సంగతి మాట్లాడుతున్నాను."

"నేను అబద్ధం ఆడమంటే ఆడను."

"ఆడమనలేదు. ఊరుకోమన్నాను." గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి అక్క వెళ్లిపోయింది.

సోమవారం పేర్లమ్మ యజమానికి అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. "తెలుసమ్మా" అన్నాడు. "ఇప్పుడు ఎవరు చేశారన్నది కాదు లెక్క. ఎంత తక్కువ చెబితే అంత క్షేమం." ఆయన బల్ల మీద క్లినిక్కులకు పంపబోయే ప్రకటన ఉంది. కొన్ని ఫ్రిజ్జుల్లో ఒక భాగం అరుదైన పరిస్థితుల్లో సరిగా పనిచేయకపోవచ్చునని, సిబ్బంది త్వరలో వచ్చి చూస్తారని రాశారు.

"ఏ ఫ్రిజ్జులు? ఏ భాగం? ఏం చూసుకోవాలి? ఈలోపు మందులు వాడొచ్చా?" అని ఆమె అడిగింది.

"పేర్లు రాస్తే కోర్టులో పట్టుకుంటారు" అన్నాడు యజమాని.

ఆమె తన బల్ల దగ్గరకు వచ్చి క్లినిక్కులకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. వెనక రేకు ఎలా విప్పాలో, చిప్పు ఎక్కడుంటుందో, దాని మీద ఏ అక్షరాలు ఉంటే మందులు పారెయ్యాలో ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పింది. కొందరు రాసుకున్నారు. కొందరు "కంపెనీవాళ్లే వస్తారంటగా" అని పెట్టేశారు. సగం జాబితా కూడా కాకముందే ఆమె చేతిలో ఫోను బావ తీసుకున్నాడు. గట్టిగా లాగలేదు. మెల్లిగానే తీసుకున్నాడు. ఆమె ముఖం కూడా చూడలేదు. ఉద్యోగం ఆ రోజుతో అయిపోయింది. బావ ఉద్యోగం అలాగే ఉంది.

ఖాళీగా ఉన్న రోజుల్లో ఒకనాడు ఆమె బస్సు డ్రైవరును చూడటానికి వెళ్లింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు, బతికాడు. కళ్లముందు ఇంకా మసక ఉంది. బస్సు తోలడానికి పనికిరాడని రవాణా ఆఫీసు తేల్చేసింది. మందు మీద అశ్రద్ధ చేసి, తినకూడనివి తిని, ప్రయాణికుల ప్రాణాల మీదకు తెచ్చే మనిషని ఫైల్లో రాసుకున్నారు.

పేర్లమ్మ వాళ్ల ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. మందే చచ్చిపోయిందని, అది వేసుకున్నా నీళ్లు వేసుకున్నా ఒకటేనని, ఆయన తప్పు ఇసుమంతైనా లేదని.

డ్రైవరు భార్య వైపు తిరిగాడు. "నేను చెప్పానా లేదా?"

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షుగరు దిగకపోవడంతో చాటుమాటుగా తీపి తింటున్నాడనుకుని ఆమె ఇన్నాళ్లూ అలమరలకు తాళాలు వేసింది. జేబులు వెతికింది. పిల్లల చేత కాపలా కాయించింది. నోరు వాసన చూపించమని అడిగింది.

"ఏ భాగమో మీరు కాగితం మీద రాసిస్తారా?" అని డ్రైవరు అడిగాడు. "ఆఫీసులో చూపిస్తాను."

ఆమె రాసిచ్చింది. చిప్పు పేరు, తయారీదారు పేరు, అది ఏం చేసిందో, కింద తన సంతకం. గుమ్మం దాకా సాగనంపడానికి భార్య ఒక్కతే వచ్చింది. "ఇంత దూరం వచ్చి చెప్పారు, మంచిదే" అంది. మళ్లీ తనే, "చెప్పకపోయినా బాగుండేది" అంది.

రవాణా ఆఫీసు ఆ కాగితాన్ని తిప్పి పంపింది. కంపెనీ ప్రకటనలో ఏ భాగం పేరూ లేదు కాబట్టి, ఉద్యోగం పోయిన మనిషి రాసినదాన్ని డ్రైవరు ఫైలుకు జతచేయలేమన్నారు. ఆ సంగతి భార్యే ఫోన్ చేసి చెప్పింది. డ్రైవరు ఇప్పుడు డిపోలో బస్సులు కడుగుతున్నాడట.

"ఇంట్లో ఎలా ఉన్నారు?" అని పేర్లమ్మ అడిగింది.

"తాళాలన్నీ తీసేశాను" అంది ఆమె. "వడ్డిస్తే తింటాడు. ఇంకొంచెం వెయ్యమని మాత్రం అడగడు."