ఉత్తుత్తి జేబులు

బిడ్డ ఊపిరి ఆగిన క్షణాన కాలి పట్టీ మోగకుండా ఉండిపోవడం. ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది అదే.

చిట్టిది నెలలు నిండకుండా పుట్టింది. నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి తీయడం మరిచిపోయేది. అందుకని డాక్టరు దాని పాదానికి ఒక పట్టీ కట్టించారు. ఊపిరి ఆగితే పట్టీ కుయ్యోమంటుంది, బిడ్డ ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి అందుకుంటుంది. ఇప్పటికి రెండుసార్లు మోగింది. రెండుసార్లూ తల్లి ప్రాణాలు పైకి పోయి తిరిగొచ్చాయి.

ఇప్పుడేమో పట్టీ బిగుతైపోయింది. వచ్చే నెలకల్లా పెద్ద సైజు కొనాలి. బజారుకెళితే అవే డబ్బాలు, అదే రంగు, డబ్బా మీద అదే నవ్వుతున్న పాపాయి. కానీ వాటిలో సగం నకిలీవి. నకిలీ పట్టీ తొమ్మిదిసార్లు బుద్ధిగా మోగుతుంది, పదోసారి మోగదు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అసలు పట్టీలోని చిప్పును రూపొందించే ఆఫీసులోనే ఆమె పని.

తొమ్మిదో తరగతితో చదువాగిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు జేబులు కుట్టింది. ఆ కుట్టుపనితో పదునెక్కిన కన్ను చూసే ఇక్కడ తీసుకున్నారు. చిప్పును పొరపొరగా అరగదీసి, ఒక్కో పొరకూ మైక్రోస్కోపు కింద వేల ఫొటోలు తీస్తారు. వాటిని అంచుకు అంచు కలిపి ఒకే పెద్ద బొమ్మగా అతకడం ఆమె వంతు. "ఇదీ కుట్టుపనే అత్తయ్యా, దారం లేదంతే" అని చేరిన మొదటిరోజే అత్తగారికి చెప్పింది.

నకలు కొట్టేవాళ్ళు చేసేదీ సరిగ్గా ఇదే. చిప్పు విప్పి, ఫొటోలు తీసి, చూసింది చూసినట్టు మళ్ళీ గీసుకుంటారు. పాత చిప్పు గుట్టు అలాగే బయటికి పోయింది. అందుకే కొత్త చిప్పులో డిజైనరు ఒక తంత్రం పన్నాడు. ఆయన ఎప్పుడూ పరుగుమీదే ఉంటాడు, మెట్లు కూడా రెండేసి ఎక్కుతాడు. అందుకే అందరూ పరుగు సారు అంటారు. చిప్పులో వేల గడులుంటాయి. వాటి మధ్య ఆయన కొన్ని ఉత్తుత్తి గడులు దూర్చాడు. ఒక్కోటీ చూడ్డానికి పక్కదానిలాగే ఉంటుంది, లోపల మాత్రం తీగ తగిలినట్టు కనిపిస్తూ తగలదు. కనిపించినట్టే నకలు కొడితే ఆ పట్టీ దీపమే వెలగదు. అది చచ్చు సరుకని కొన్నవాళ్ళకు డబ్బా విప్పగానే తెలిసిపోతుంది.

కానీ ఏవి ఉత్తుత్తివో ఎవడైనా పసిగట్టాడా, అంతే సంగతులు. వాటిని పక్కకు తీసేసి మిగతాదంతా సుఖంగా నకలు కొట్టుకుంటాడు. అందుకని శుక్రవారం డిజైను ఫ్యాక్టరీకి పంపేలోగా నమూనాగా చేయించిన తమ చిప్పును తామే దొంగల్లా విప్పి చూసుకుంటున్నారు.

సోమవారం బొమ్మ అతికేసరికి ఆమె కన్ను ఒకచోట ఆగింది. తర్వాత ఇంకోచోట. మెల్లగా వేలు పెట్టింది.

"సార్, ఇది ఉత్తుత్తిది కదా?"

పరుగు సారు చేతిలో టీ కప్పు గాలిలోనే ఆగిపోయింది. "ఏదీ?"

"ఇది. ఇదీ. అదిగో ఆ మూల రెండూ."

మొత్తం నలభై చూపించింది. ఆయన సొరుగు తాళం తీసి జాబితా బయటికి లాగాడు. నలభైలో ముప్పై ఎనిమిది సరిపోయాయి. ఆయన మొహం కందగడ్డైంది.

"ఈ జాబితా నీకెవరిచ్చారమ్మా?"

 ఆమె ఉద్యోగం పోతుందనుకుంది. పక్కనే మైక్రోస్కోపు దగ్గర కూర్చునే అక్క గయ్యిమంది. "తాళం మీ జేబులో పెట్టుకుని దాన్నంటారేంటి సార్! ముందు ఎలా చూసిందో అడగండి."

ఆమె తడబడుతూనే చెప్పింది. "చొక్కాలకు ఉత్తుత్తి జేబులు కుట్టేవాళ్ళం సార్. మూత ఉంటుంది, లోపల జేబుండదు. ఎక్కడ కుడతామంటే, మనిషి చెయ్యి పోనిచోట. మీరూ అదే చేశారు. తీగలు కిక్కిరిసిన చోట ఒక్కటీ పెట్టలేదు. ఖాళీ మూల కనిపిస్తే చాలు, అక్కడొకటి అంటించారు."

పరుగు సారు కుర్చీలో కూలబడ్డాడు. "రద్దీ దారిలో పెడితే చిప్పు నెమ్మదిస్తుందమ్మా. పదేళ్ళు ఫోన్ల చిప్పులు చేసినవాణ్ణి. దారికి అడ్డం పెట్టడానికి నాకు చెయ్యి రాదు."

"ఫోనుకు తొందర సార్. దీనికేం తొందర?" ఆమెకు ఎక్కడలేని ధైర్యమూ వచ్చేసింది. "మా చిట్టిది ఒక ఊపిరి తీసి ఇంకోటి తీసేలోపు ఈ చిప్పు వంట చేసుకుని, తిని, గిన్నెలు కూడా కడిగేసుకోవచ్చు!"

 పరుగు సారు పకపకా నవ్వాడు. "గిన్నెలు కడిగేసుకుంటుందట!" అని లేచి పరుగే పరుగు. టీ కప్పు ఎవరిచేతిలో పెట్టాడో ఆయనకే తెలియదు. అది ఆమె చేతిలోనే ఉంది.

మూడురోజులు ఆఫీసంతా ఇల్లు అలికి పండగ చేసినట్టుంది. ఖాళీ మూలల్లోని ఉత్తుత్తి గడులు పీకి, మోత మోగించే దారి నడిమధ్యన, అసలువాటితో భుజం భుజం రాసుకునేలా దూర్చారు. మళ్ళీ నమూనా చేయించే వ్యవధి లేదు. మైక్రోస్కోపుకు ఎలా కనిపిస్తుందో కంప్యూటరే గీసిచ్చింది. గురువారం మధ్యాహ్నం ఆమెను మళ్ళీ కూర్చోబెట్టారు. వెనక అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఆమె చూసింది. కళ్ళు చికిలించి చూసింది, స్క్రీను దూరం జరిపి చూసింది. ప్రతి గడీ దొంగలానే ఉంది, ప్రతి గడీ దొరలానే ఉంది.  ఏమాత్రం దాచుకోకుండా ఉన్న తెలివంతా వాడి నలభై చూపించింది.

పరుగు సారు జాబితా చదివాడు. "మూడు."

"మూడేనా?"

"మూడే! గుడ్డిగా వేలు పెట్టినా అన్ని తగులుతాయి!"

ఆమె కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. చెప్పు ఒకటి బల్ల కిందికి పోయింది. "ఓడిపోయి ఇంత ఎగిరేదాన్ని నిన్నే చూశానే" అంటూ అక్క కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆమెకు కనిపించింది కనిపించినట్టు నకలు గీసి కంప్యూటరులో నడిపించారు. దీపం వెలగలేదు. మరోసారి నడిపించారు. వెలగలేదు! అసలుదాన్ని నడిపిస్తే పచ్చగా వెలిగి, ఊపిరి ఆగినట్టు కంప్యూటరులో చూపగానే కుయ్యోమంది. ఆ కూతకు గదంతా ఈలలు, చప్పట్లు.

ఆ గోలలోనే ఆమె వరండాలోకొచ్చి ఫోను చేసింది.

"అత్తయ్యా, చిట్టిది ఏం చేస్తోంది?"

"పడుకుంది. పట్టీ ఉందిగా, గంటకోసారి ఏం అడుగుతావే తల్లీ?"

"ఉందిలెండి. మన మాట నెగ్గింది అత్తయ్యా, వచ్చి చెప్తాను. ముందు ఒక్కసారి దాని గుండెల మీద చెయ్యి పెట్టి చూడండి."

అవతల అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమంది. ఆమె సెకన్లు లెక్కపెట్టుకుంటూ నిలబడింది.

"ఆఁ, ఊపిరి ఆడుతోంది. నా వేలు పట్టుకుని వదలట్లేదు, దొంగముండ."

కొత్త పట్టీలు అంగళ్ళకు చేరడానికి ఇంకా నెల పడుతుంది. అందాకా ఏ బుజ్జి కాలికి అసలు పట్టీ ఉందో, ఏ కాలికి నకిలీది ఉందో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి పట్టీ కట్టుకుని పసిది నిద్రపోతూ ఉంటే, ఈ కథను పక్కన పెట్టి, ఒక్కసారి లేచి వెళ్ళి చూసి రండి. కళ్ళతో చూస్తే చాలదు, చెయ్యి పెట్టి చూడండి.