దేవుడి కుండలో బియ్యం

ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వెయ్యడం పాపమ్మకి అలవాటు. అది దేవుడి వాటా. ఆ పేటలో క్రైస్తవుల ఇళ్ళన్నిటా అలాంటి కుండ ఒకటుండేది. ఆదివారం ఆడవాళ్ళు వాటిని గుడికి తెచ్చి గంపలో గుమ్మరించేవారు. ఇంటిల్లిపాదీ పస్తున్నా సరే, ఆ కుండ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళేవారు కాదు.

పందొమ్మిది వందల ముప్పై అయిదు ప్రాంతాల మాట. ఆ ఏడు కొల్లేరు పొంగి ఊరి చేలన్నీ మింగేసింది. దెందులూరు వైపు కూలికి పోదామన్నా దారి లేదు. నీళ్ళు కాస్త తగ్గగానే చలిజ్వరాలు పట్టుకున్నాయి. పాపమ్మ మంచమెక్కింది. మొగుడు తోమా మందుబిళ్ళల కోసం తాటిదోనె వేసుకుని ఏలూరు బయల్దేరాడు. ఇంట్లో తల్లి దగ్గర మిగిలింది కూతురు దానమ్మ ఒక్కతే.

దానమ్మకి తొమ్మిదేళ్ళు. ఆ వయసు పిల్లకి దేవుడంటే ఏం తెలుస్తుందని పెద్దవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. భయం తెలుస్తుంది, బాగానే తెలుస్తుంది. తల్లి నేర్పిన ప్రార్థన పొల్లుపోకుండా ఒప్పజెప్పేది. ఎక్కడైనా తప్పితే ఆయన చూస్తాడని వణికేది.

ఆ మధ్యాహ్నం పాపమ్మ ఎండిన పెదవులతో "గుక్కెడు గంజి పొయ్యవే" అని మూలిగింది. ఇంట్లో గింజ లేదు. ఇరుగుపొరుగు పొయ్యిలూ చల్లగానే ఉన్నాయి. దానమ్మ చాలాసేపు ఆ కుండకేసి చూసింది. చివరికి చెయ్యి పెట్టింది.

"బియ్యం ఎక్కడివే?" అంది పాపమ్మ గంజి చూసి.

"పక్కింటి హన్నమ్మత్త ఇచ్చిందమ్మా."

పాపమ్మ ఆబగా తాగింది. తెల్లారేసరికి ప్రాణం పోయింది. తోమా బిళ్ళలు మూటగట్టుకుని వచ్చేసరికి ఇంటిముందు జనం.

దానమ్మ ఏడవలేదు. ఇదేం పిల్లమ్మా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. దేవుడి గింజలు దొంగిలించి అమ్మని చేజేతులా చంపుకున్నానని ఆ పిల్ల లోలోపల కుమిలిపోతోందని వాళ్ళకేం తెలుసు? ప్రార్థన కూడా మానేసింది. ఏ మొహం పెట్టుకుని మోకరిస్తుంది?

ఆదివారం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ రత్నమాణిక్యం గంప దగ్గర నిలబడింది. చావింటి కుండ సంగతి ఎవరూ ఎత్తలేదు. పైగా ఆవిడే, "పాపమ్మ ఆకలితో పోయింది గానీ దేవుడి గింజ ముట్టలేదు" అని అందరి ముందూ మెచ్చుకుంది. తోమా తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. దానమ్మ జనం వెళ్ళిపోయాక ఆవిడ కొంగు పట్టుకుంది.

"అమ్మ ముట్టుకోలేదండీ. నేనే తీసి గంజి కాచానండీ. అమ్మతో అబద్ధం చెప్పి తాగించానండీ. అందుకే దేవుడు అమ్మని చంపేశాడండీ."

రత్నమాణిక్యం గుడి మెట్టు మీద కూలబడింది. ఏదో వాక్యం చెబుతుందనుకుంది దానమ్మ. ఆవిడ వాక్యం చెప్పలేదు.

"నాకు ముగ్గురు పిల్లలుండేవారమ్మా. మశూచికంలో ముగ్గురూ పోయారు. నేనెప్పుడూ ఆయన గింజ ముట్టి ఎరగను. మరి నా పిల్లలెందుకు పోయినట్టు?"

"ఎందుకండీ?"

"ఇప్పటికీ తెలీదమ్మా. ఆయన్నే అడుగుతూ ఉంటాను. తిట్టాను కూడా. ఆకలేసిన తల్లికి గంజి పోసినందుకు చంపేవాడైతే, ఆయన పేరు చెప్పుకుని ఇలా ఊళ్ళు తిరుగుదునా?"

"తిడితే ఊరుకున్నాడాండీ?"

"ఊరుకున్నాడు. విన్నాడనే అనుకుంటున్నాను."

ఆ సాయంత్రం దానమ్మ ఒక్కతే తల్లి సమాధి దగ్గరికి వెళ్ళింది. మట్టి ఇంకా ఆరలేదు. మోకరించింది. నేర్చుకున్న ప్రార్థన నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అవి అమ్మ మాటలు. ఇవాళ చెప్పుకోవాల్సింది వాటిలో లేదు.

"అయ్యా, నేను దానమ్మని. బియ్యం నేనే తీశాను. అమ్మకి ఆకలేసింది. అయినా నువ్వు అమ్మని ఉంచలేదు. నీ మీద నాకు కోపంగా ఉంది. నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇంట్లో భయమేస్తోంది. నువ్వు కూడా పోకు."

అప్పుడొచ్చింది ఏడుపు, కట్ట తెగినట్టు. ఎవరూ పలకలేదు. చీకటి పడుతోంది, చలిగాలి లేచింది, అయినా ఆ పిల్ల చెప్పుకుంటూనే ఉంది. ఇన్నాళ్ళూ ఆయన అమ్మ దేవుడు. అమ్మ పోయాక దానమ్మ దేవుడయ్యాడు. అంత పోగొట్టుకుని దొరికించుకున్నవాణ్ణి ఆ పిల్ల మళ్ళీ విడిచిపెట్టలేదు.