నూకరత్నం పేరుతో వెళ్ళిన మాట

నూకరత్నం ఒంట్లోంచి వైఫై వస్తోందని ఆమె చెల్లెలు గౌరీశ్వరికి ఆదివారం పొద్దున్న, చద్దన్నం తింటూండగా తెలుస్తుంది.

గౌరి పని అదే. కంపెనీలవాళ్ళు పిలిస్తే వెళ్ళి, వాళ్ళ భవనంలో కంటికి కనపడని నెట్‌వర్కులు ఏమేం ఉన్నాయో, వాటిల్లో దొంగదారి ఏదైనా ఉందేమో వెతికి చెబుతుంది. ఆమె దగ్గర ఒక ల్యాప్‌టాప్, దానికి తగిలించే యాంటెన్నా ఉంటాయి. అవి ఎవరినీ పలకరించవు. గోడ పక్కన నిలబడి చెవి ఒగ్గినట్టు, గాలిలో పోయే మాటలన్నీ విని తెర మీద పేర్లు రాస్తాయి. యాంటెన్నా కొత్తది. ఎలా పనిచేస్తుందో చూద్దామని గౌరి దాన్ని బియ్యం డ్రమ్ము మీద పెట్టింది.

జాలరిపేట సందులో ఉన్నవన్నీ తెర మీదికి వస్తాయి. ఐసు ఫ్యాక్టరీది వస్తుంది. 'అడిగితే తంతాను' అని పేరు పెట్టుకున్న పక్కింటివాళ్ళది వస్తుంది. వాటి మధ్య ఒకదానికి పేరు ఉండదు. అందులో వింతేమీ లేదు, పేరు దాచుకునే నెట్‌వర్కులు చాలా ఉంటాయి. గౌరి యాంటెన్నాని కిటికీ వైపు తిప్పుతుంది, పెరటి వైపు తిప్పుతుంది. గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతున్న అప్ప నూకరత్నం వైపు తిప్పినప్పుడు, తెర మీద సిగ్నల్ బలం చూపించే గీత నిటారుగా లేస్తుంది.

"అప్పా, ఓపాలి పెరట్లోకి ఎల్లు."

నూకరత్నం చేట పట్టుకుని పెరట్లోకి వెళ్తుంది. తెర మీది గీత కూడా పెరటి వైపు తిప్పితేనే లేస్తుంది.

నూకరత్నం మాట్లాడి ఆర్నెల్లయింది. కార్తీకంలో తుపాను పుట్టిన రోజున ఆమె మొగుడు ఎర్రయ్య ఎక్కిన బోటు తిరిగి రాలేదు. భీమిలి దగ్గర కొన్ని చెక్కలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. ఆమె ఏడవలేదు, గాజులు తియ్యలేదు. సాయంత్రం దుకాణం తలుపు వేసినట్టు నోరు మూసింది, అంతే. అన్నం వండుతుంది, చేపలు అమ్ముతుంది, బేరానికి వేళ్ళు చూపిస్తుంది.

గౌరి తన పై అధికారి సాంబమూర్తికి ఫోను చేస్తుంది.

"సార్, మనిషిలోంచి వస్తోంది."

"ఏ చానెల్?"

"ఆరు."

"ఆరులో రద్దీ ఎక్కువమ్మా. పాపం, ఎలా నెగ్గుకొస్తోందో." అవతల టీ జుర్రిన చప్పుడవుతుంది. "దానికి ఏదైనా తగులుకుని ఉందా?"

గౌరి చూస్తుంది. ఉంది. ఎక్కడో దూరాన ఒకే ఒక పరికరం. సన్నటి దారంలాంటి సిగ్నల్. అటూ ఇటూ పోయే సందేశాలకు తాళం వేసి ఉంది కాబట్టి లోపలేముందో తెలియదు, ఎంత పెద్దవో మాత్రం తెలుస్తుంది. చాలా చిన్నవి. ఉన్నావా అని అడిగి, ఉన్నానని చెప్పడానికి సరిపోయేటంత. ఒక్కో సందేశం వచ్చినప్పుడల్లా నూకరత్నం గుండెల మీద చీర కొంచెం పైకి లేస్తుంది.

గౌరి యాంటెన్నా పట్టుకుని ఆ దారం వెంట నడుస్తుంది. సందు దాటి ఇసకలోకి దిగుతుంది. ఆమె ఎంత నడిస్తే ఇసక అంత పొడుగవుతుంది. వలలు బాగుచేసుకునేవాళ్ళు తమ వలల్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుకుని ఆమెకు దారి ఇస్తారు. సముద్రం వైపు తిప్పితే దారం లావవుతుంది. మరెటు తిప్పినా తెగుతుంది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఎర్రయ్య తల్లి కాసులమ్మ ఇంట్లో కూర్చుని ఉంటుంది.

"ఏటే ఆ పెట్టి?"

"అప్పకి ఎవులో తగులుకుని ఉన్నారత్తా. సముద్రం లోపల్నుంచి."

కాసులమ్మ ఆశ్చర్యపోదు. కొంగుతో మొహం తుడుచుకుని దగ్గరికి జరుగుతుంది. "నా కొడుకేనా? బతికున్నాడో సచ్చాడో తెలీక ఆడి పేరున దినం సెయ్యలేదు, దీపం పెట్టలేదు. నాను ఏడవాలో మానాలో ఆ పెట్టి సెప్పగల్దా?"

చెప్పగలదు. దానికి ఒక పద్ధతి ఉంది, సాంబమూర్తే నేర్పాడు. తగులుకున్నవాణ్ణి ఒక్క క్షణం బయటికి తోసెయ్యాలి. వాడు కంగారుపడి తిరిగొస్తూ, దాచుకున్న పేరుని బయటికి పిలుస్తాడు. అప్పుడు పేరూ తెలుస్తుంది, పిలిచినవాడెవడో కూడా తెలుస్తుంది. కానీ సొంతదారు ఒప్పుకోకుండా ఆ పని చెయ్యకూడదు. ఈ వృత్తిలో అన్నిటికన్నా ముందు చెప్పే మాట అది.

గౌరి అప్ప ఎదురుగా కూర్చుంటుంది. "అప్పా, నువ్వు ఊఁ అనాల. అంటేనే సేస్తాను."

నూకరత్నం ఆమె కళ్ళలోకి చాలాసేపు చూస్తుంది. తర్వాత ఒక ఎండు చేపని తీసి, తల తుంచి, చేటలో వేస్తుంది.

"అదిగో, తల ఊపినాది," అంటుంది కాసులమ్మ.

కదిలింది చేప తల. గౌరి అది చూసింది. అయినా కాసులమ్మ వేళ్ళు ఆమె మోచేతిని పట్టుకుని వదలడం లేదు. ఒక్క క్షణమే కదా అనుకుంటుంది గౌరి. మీట నొక్కుతుంది.

పొమ్మనే మాట వెళ్తుంది. అది గౌరి పేరుతో వెళ్ళదు. అలా వెళ్తే అవతలివాడు వినడు. నూకరత్నం పేరుతోనే వెళ్తుంది. ఆ పరికరం పద్ధతే అంత.

తెర మీద దారం తెగుతుంది.

ముగ్గురూ ఎదురు చూస్తారు. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోతుంది. పేరు వినపడదు. కాసులమ్మ తెరకి దగ్గరగా వంగి, పిల్లాడికి అన్నం తినిపించేటప్పుడు తను నోరు తెరిచినట్టు, నోరు తెరిచి ఉంచుతుంది. పేరు వినపడదు. సందులో నీడలు గోడలెక్కి దిగుతాయి. తగులుకున్నవాడు తిరిగి రాడు.

నూకరత్నం చేతులు ఆగిపోతాయి.

"నా పేరు సెప్పి పంపేసినావేటే?" అంటుంది.

కోపంగా అనదు. గొంతు కొంచెం తుప్పు పట్టి ఉంది, అంతే. కాసులమ్మ కోడలు మాట్లాడినందుకు మురిసిపోయి, ఆమెను వాటేసుకుని, తర్వాత ఆ మాటకి అర్థం కొడుకు ఇక రాడనేనని తెలిసి, ఆర్నెల్లుగా దాచుకున్న ఏడుపంతా ఒక్కసారే ఏడుస్తుంది.

గౌరి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సముద్రం దగ్గరికి పరిగెడుతుంది. సముద్రం లేదు. ఎక్కడికో వెళ్ళింది. అది ఉండాల్సిన చోట తడి నేల కిందికి కిందికి దిగుతూ ఉంది. ఆమె దిగుతుంది. ఎండ అక్కడిదాకా వస్తుంది కానీ వేడిగా ఉండదు.

లోపల, సముద్రంలో పోయిన మగవాళ్ళు నిలబడి ఉంటారు. వరసలుగా కాదు, ఎవరికి వీలైన చోట వాళ్ళు. అందరూ ఒక చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకుని, సిగ్నల్ కోసం మెల్లగా అటూ ఇటూ తిరుగుతున్నారు. ఫోన్లు రాకముందు పోయినవాళ్ళు ఉత్త అరచేతులే ఎత్తి ఉంచారు. ఎవరూ ఒకరినొకరు గుద్దుకోవడం లేదు. చాలా అలవాటైన పనిలా ఉంది.

ఎర్రయ్య ఒక్కడే చెయ్యి దించి కూర్చున్నాడు. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని ఉన్నాడు.

"బావా!"

"వచ్చినావా గౌరీ? బాగా సిక్కిపోయినావు."

"ఎందుకు తిరిగి రాలేదు బావా?"

"పొమ్మంది కదా."

"అప్ప కాదు. నాను పంపినాను."

ఎర్రయ్య ఫోను చూపిస్తాడు. "ఇదిగో, పేరు దానిదే ఉంది."

"దాని పేరు పెట్టి నాను పంపినాను బావా. నీకు వొట్టు."

ఎర్రయ్య ఫోనుని ఇంకోసారి చూసుకుంటాడు. అతనెప్పుడూ ఎవరినీ తొందరపడి తప్పుపట్టే మనిషి కాదు. "నిజమే అయ్యుండొచ్చు. అయితే ఇన్నాళ్ళూ ఉన్నాను ఉన్నాను అని వచ్చినవి ఎవులు పంపినారు? అవీ నువ్వేనా?"

"కాదు బావా, అవి అప్పవే!"

"ఏది దానిదో ఏది నీదో నాకెలాగ తెలుస్తాది? రెంటి మీదా ఒకటే పేరు." ఫోనుని జేబులో పెట్టుకుంటాడు. "దాన్నే వచ్చి సెప్పమను."

గౌరి వెనక్కి పరిగెడుతుంది. ఏటవాలు ఇప్పుడు నిలువుగా ఉంటుంది. గోళ్ళతో పట్టుకుని పైకి ఎక్కుతుంది. ఇంటికి వచ్చేసరికి నూకరత్నం తలంటు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటోంది. చేతులకి గాజులు లేవు. కాసులమ్మ కొడుకు దినానికి పెద్ద గిన్నెలో పప్పు వండుతోంది. గౌరి యాంటెన్నా తిప్పుతుంది. తెర మీద ఐసు ఫ్యాక్టరీ ఉంది, పక్కింటివాళ్ళు ఉన్నారు. పేరు లేనిది లేదు. అప్ప వైపు తిప్పితే గీత నేలకి ఆనుకుని పడుకుంటుంది.

"అప్పా, బావ రమ్మంటున్నాడు. బేగి పద."

"ఎవుల దగ్గిరికి?" అంటుంది నూకరత్నం.

"బావ దగ్గిరికి."

"వంజరం సేపల రేటు పడిపోయినాదంట," అంటుంది నూకరత్నం. గొంతు చక్కగా ఉంది. ఆమె ఇప్పుడు అందరితోనూ మాట్లాడుతుంది. "కూకో. అన్నం తిను."

గౌరి కూర్చోదు. అప్ప చెయ్యి పట్టుకుని లాగుతుంది, కాళ్ళు పట్టుకుంటుంది, "నాదే తప్పు, తిట్టు, కొట్టు" అంటుంది. నూకరత్నం ఆమె తల నిమురుతుంది. ఆ అరచెయ్యి ఎవరి తలనైనా అలాగే నిమిరేటట్టు ఉంటుంది.

తర్వాత నూకరత్నం లేచి, తట్ట తీసుకుని బయలుదేరుతుంది. సందులో అన్ని గుమ్మాల్లోంచీ ఆడవాళ్ళు తట్టలతో బయటికి వస్తారు. తట్టల నిండా నీళ్ళు. వెదురు సందుల్లోంచి ఒక్క చుక్కయినా కారదు. సముద్రాన్ని వాళ్ళు ఎక్కడినుంచో కొద్దికొద్దిగా మోసుకొస్తున్నారు. ఇసక మీదుగా బారుగా నడిచి, చేపల రేట్లు మాట్లాడుకుంటూ, పల్లంలో నిలబడ్డ మగవాళ్ళ మీద, దినం నాడు నీళ్ళు వదిలినట్టు, పోసి, ఖాళీ తట్టలతో తిరిగి వస్తున్నారు.

నూకరత్నం ఎర్రయ్య కూర్చున్న చోట ఆగుతుంది. అతను తలెత్తి చూస్తాడు. ఆమె వాకిలి కడిగినట్టు తట్ట వంచి, పక్కకి జరిగి, వెనకున్నామెకు చోటిస్తుంది.

కాసులమ్మ వచ్చి గౌరి తల మీద గుడ్డ చుట్టకుదురు పెట్టి, దాని మీద ఒక తట్ట పెడుతుంది. బరువే ఉండదు. గౌరి బారులో నడుస్తుంది. తన వంతు వస్తుంది. వంచుతుంది.

నీళ్ళు మోకాళ్ళు దాటి, భుజాలు దాటి, మనుషుల తలలు దాటుతాయి. ఎత్తిన ఫోన్ల వెలుగులు మాత్రం నీళ్ళ కింద కాసేపు అలాగే నిలబడతాయి. తర్వాత ఒక్కొక్కటే వేళ్ళలోంచి జారి, చేపల్లా తోక విదిల్చి, మందగా చేరి, లోతు వైపు ఈదుకుంటూ పోతాయి. ఖాళీ చేతులు మాత్రం పైకి పెరుగుతూ నీళ్ళు చీల్చుకుని వస్తాయి. ఆ అరచేతుల మీద కొంగలు వాలి, రెక్కలు ఆరబెట్టుకుంటాయి.