బెల్లం షావుకారి అలక

మా ఆయనకు లోకం మీద కోపమొస్తే బెల్లం ముక్క నోట్లో పడాలి. సంతోషమొచ్చినా అంతే. నా మీద కోపమొస్తే మాత్రం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. వన్ టౌన్‌లో బెల్లం హోల్‌సేల్ వ్యాపారం, ఒంట్లో షుగరు. చేపల చెరువుకి కొంగను కాపలా పెట్టినట్టే.

ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడి కంటి లోపల నెత్తురు కారుతోంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. షుగరు దిగలేదని డాక్టరమ్మ రెండుసార్లు వెనక్కి పంపింది. "ఈసారి కూడా దిగకపోతే ఇక నేను చెయ్యగలిగిందేం లేదమ్మా. ఈ కన్నూ పోతుంది" అని నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

అందుకే వారం నుంచీ ఆయన మనసు చెడకుండా కాపలా కాస్తున్నాను. మా అబ్బాయి వసీం ఉద్యోగం ఊడిన సంగతి దాచాను. కోడలు తబస్సుంని ఇంట్లో గొంతు పెంచి మాట్లాడవద్దన్నాను. ఆయన హుషారుగా తెల్లవారుజామున నడిచారు, జొన్నరొట్టె తిన్నారు, కొట్లో బెల్లం వైపు కన్నెత్తి చూడలేదు. దిగులు రాకుండా అన్ని తలుపులూ మూశాను గానీ, సంతోషం కూడా వస్తుందని నాకు తట్టలేదు.

సాయంత్రం ఆయన్ని ఇంటికి తీసుకెళ్దామని కొట్టుకి వెళ్లాను. అప్పుడే ఉయ్యూరు నుంచి వెంకటప్పయ్య గారు దిగారు. ఏళ్ల తరబడి మాకు బెల్లం వేసిన రైతు. వరదలో చెరుకు మునిగి బెల్లం వండడం మానేస్తే, ఆయనకన్నా మా ఆయనే ఎక్కువ కుమిలిపోయారు.

"వలీ గారూ! మళ్లీ వండానండీ. ఇది మొదటి బెల్లం. మీరు నోట్లో వేసుకుని ఊఁ అనందే ఇంకెవరికీ చూపించను."

అది మా బజారు మర్యాద. రైతు మొదటి వంట తెస్తే షావుకారు ముక్క విరిచి రుచి చూడాలి. వద్దంటే సరుకు బాగాలేదని పదిమందిలో చెప్పినట్టే.

"రేపు ఆపరేషనండీ, అన్నయ్యగారూ" అన్నాను.

"అయ్యో, చిటికెడే కదా చెల్లెమ్మా."

మా ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముక్క విరిచారు. చిటికెడు కాదు, నిమ్మకాయంత. అది నోట్లో పడితే రెండోది, మూడోది. నాకు తెలియని మనిషా!

"ఏమండీ, వద్దండీ."

"ఇవాళొక్క రోజే వజీరా. ఇంత సంతోషంగా ఉంటే షుగరు అదే దిగుతుందిలే."

బతిమాలితే వినరు. ఏడిస్తే ఇంకా తింటారు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆయనకు నా మీద కోపం రావాలి.

"తినండి" అన్నాను, బజారంతా వినేట్టు. "ఆ కన్ను కూడా పోగొట్టుకోండి. గుడ్డి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తిప్పడం నా వల్ల కాదు. గుణదల్లో మా తమ్ముడింటికి పోతా. మీ బెల్లమే మీకింత అన్నం పెడుద్ది."

హమాలీలు మూటలు దించడం ఆపి చూశారు. వెంకటప్పయ్య గారు తల దించుకున్నారు. మా ఆయన ముక్కను కాగితం మీద పెట్టేసి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని ఇంటిదారి పట్టారు.

ఇంట్లో నా చేతి ముద్ద ముట్టలేదు. తబస్సుం బతిమాలితే మాత్రల కోసం ఒక రొట్టె తిన్నారు. తప్పయిందని చెబుదామని మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే కరిగిపోతారు, కరిగితే పాయసం అడుగుతారు. నోరు నొక్కుకున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

పొద్దున ఆసుపత్రిలో వేలు గుచ్చి చూశారు. డాక్టరమ్మ నవ్వింది. "దిగిందండీ. లోపలికి తీసుకెళ్దాం."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని, వెనకే నేనున్నానని తెలియక, కుర్చీ తోస్తున్న నర్సును మెల్లగా అడిగారు.

"కట్టు కట్టాక నన్ను చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దింపే మనుషులు మీ దగ్గర ఉంటారామ్మా?"