పుకుర్‌లో పూసలు

శనివారం ఉదయం ఆరున్నరకు పుకుర్ దగ్గరికి వెళ్లేసరికి మెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. పాచి లేదు. ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. బ్లీచింగ్ పౌడర్.

హౌరాలో మా హౌసింగ్ వెనకనున్న ఈ చిన్న చెరువును తెలుగువాళ్లం కూడా బెంగాలీ మాటతో పుకుర్ అనే అంటాం. రోడ్డు పక్క పకోడీల కొట్టు నుంచి వచ్చే మురుగంతా ఇందులోకే దిగుతుంది. ఎప్పుడు చూసినా నీళ్ల మీద జిడ్డు తెట్టు కట్టి ఉంటుంది. ఆ జిడ్డు వల్లే మా పై ఫ్లాటులో అద్దెకుండే ప్రణతికి ఈ చెరువు పనికొచ్చింది.

ప్రణతిది కరీంనగర్. కలకత్తాలో పరిశోధన చేస్తోంది. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ పొడిని నీళ్లలో చిక్కగా కలుపుతుంది. అందులో జిడ్డును తినే బ్యాక్టీరియాను వేసి, సిరంజితో కాల్షియం నీళ్లలోకి చుక్కలు వదులుతుంది. పడ్డ చుక్క పడ్డట్టే జెల్‌గా బిగిసి, ఉడికిన సగ్గుబియ్యం గింజలా తయారవుతుంది. మురికి ఆ పూసలోకి వెళ్లగలదు గాని, లోపలి ప్రాణులు నీళ్లకు కొట్టుకుపోవు. ల్యాబ్ సీసాలో అవి బతుకుతాయని ఎప్పుడో తేలింది. మురికి చెరువులో ఆరు వారాలు బతుకుతాయా అన్నది తేలితేనే ఆమె థీసిస్‌లో చివరి అధ్యాయం పూర్తవుతుంది. ఇంతకుముందు రెండు చెరువుల్లో పూసలు నింపి కట్టిన సంచులనే ఎవరో ఎత్తుకుపోయారు. నెలాఖరుతో గడువు అయిపోతుంది. అందుకే హౌసింగ్ కమిటీతో మాట్లాడి మా పుకుర్ ఇప్పించాను. రోజూ పొద్దున్నే వచ్చి చూస్తానని మాట కూడా ఇచ్చాను.

వెదురు గడకు పై నుంచి అడుగు దాకా ఆరు నైలాన్ సంచులు కట్టాం. నలభై రోజులుగా నీటి వేడి, రంగు, వాన పడిందా లేదా అన్నవన్నీ రాస్తూ వచ్చాను. ఆదివారం వాళ్ల ప్రొఫెసర్ సమక్షంలో సంచులు పైకి తీయాలి. ఇంకొక్క రోజు.

మెట్ల పైన కమిటీ సెక్రటరీ ధర్మారావు గారు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు. టికియాపారాలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.

"ఏటమ్మా వేదవతీ, అలా సూస్తన్నావు? దర్జాగా లేదేటి?"

"ఎప్పుడు చల్లించారు?"

"నిన్న సాయంత్రం. రేపు ఆ పాప సారొస్తన్నారు కదా! పాచి మెట్ల మీద జారిపడితే మన పరువేటవుతాది? రెండు బస్తాలు చల్లించీసినాను. నీ సంచుల మీద ఒక్క రవ్వ పడనీలేదు. నేనే దగ్గరుండి సూసినాను."

"తర్వాత ఏం చేశారు?"

"పైపు పెట్టి కడిగించీసినాను."

"ఎక్కడికి కడిగించారు, అంకుల్?"

ఆయన మెట్ల వైపు, ఆ మెట్లు దిగిపోయే నీళ్ల వైపు చూసి, "అరే!" అని ఆగిపోయారు. అంతలోనే తేరుకున్నారు. "నువ్వు గేటుకి అంటించిన కాయితం మూడుసార్లు సదివినానమ్మా. సబ్బు వద్దు, వల వద్దు, సంచులు ముట్టొద్దు. బ్లీచింగ్ మాట అందులో ఉందా? లేదు. పైగా ఇదిగో సూడు."

ఆయన ఫోన్ నా ముందు పెట్టారు. హౌసింగ్ వాట్సాప్ గ్రూపులో జూలైలో నేను పంపిన మూడు మెసేజ్‌లు. వాళ్లావిడ లక్ష్మీకాంతం గారు మెట్ల మీద జారినప్పుడు ఫోటోలతో, తేదీలతో పంపినవి. మెట్లు ఒక్క మరక లేకుండా శుభ్రం చేయించాలి, కమిటీకి ఎన్నిసార్లు చెప్పాలి అని నేనే రాశాను. ఆ మూడింటికీ అప్పుడు జవాబు రాలేదు. ఇప్పుడు వచ్చింది.

ఎవరి మీద అరవాలో తెలియలేదు. పైకెళ్లి ప్రణతి తలుపు కొట్టాను. బ్లీచింగ్ మాట వినగానే ఆ పిల్ల చెప్పులు లేకుండా పుకుర్‌కు పరుగెత్తింది.

"ఎన్ని గంటలకు చల్లిండ్రు? రాత్రంతా అట్లనే ఉన్నదా?"

"నిన్న సాయంత్రం. పన్నెండు గంటలకు పైనే అయింది."

"నువ్వు రోజూ చూస్తున్నవ్ గదా ఆంటీ..." అంది. నిన్న ఉదయం కూడా చూశాను. సాయంత్రం చూస్తానని నేను చెప్పలేదు. ఆ మాట పైకి అంటే ఇంకా చిన్నదైపోతానని ఊరుకున్నాను.

సంచులు అప్పుడే తీశాం. అరచేతిలో పోసుకుంటే పూసలు గుండ్రంగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కటీ చితకలేదు. నొక్కితే రబ్బరులా తిరిగి లేచాయి. బాగున్నట్టే ఉన్నాయని నేను ఆశగా అన్నాను.

"జెల్‌కేం కాదాంటీ. లోపల చచ్చినా అది ఇట్లనే ఉంటది."

ప్రొఫెసర్‌ను రావద్దని ఫోన్ చేసింది. ఆ రోజే పూసలను ల్యాబ్‌కు తీసుకెళ్లి, సిట్రేట్ నీళ్లలో కరిగించి, ఆ నీళ్లను మూతలున్న చిన్న గాజు పళ్లేల మీద పరిచి పెట్టింది. బతికున్న ప్రతి బ్యాక్టీరియా రెండు రోజుల్లో కంటికి కనిపించే చుక్కగా ఎదుగుతుందట. సోమవారం నన్నూ రమ్మంది. ఇద్దరం లాంచీలో హుగ్లీ దాటి వెళ్లాం.

ఐదు సంచుల పళ్లేలు ఖాళీగా ఉన్నాయి. ఆరోది, అన్నిటికన్నా అడుగున ఉన్న సంచిది, ప్రణతి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చుక్కలున్నాయి! నేనే లెక్కపెట్టాను.

"పదకొండు! ప్రణతీ, పదకొండు ఉన్నాయి. బతికాయి. రాసుకో."

"ముప్ఫైకి తక్కువుంటే లెక్క కాదాంటీ. రూలు."

"అదేం రూలు? కళ్లెదురుగా ఉన్నాయిగా."

"పదకొండు అంటే బయట నుంచి పడ్డ దుమ్ములోని వేరే క్రిములు కూడా కావచ్చు. అందుకే ముప్ఫై."

"ఎవరు చూడొచ్చారు? రాసెయ్!"

లెక్కల దగ్గర నా పట్టు తెలిసి మా ఇంట్లో పాలవాడు కూడా నా ముందు అనడానికి జంకే మాట అది. ప్రణతి నా వైపు అదోలా చూసింది. కోపంగా కాదు.

"నేను చూసిన గదా ఆంటీ."

నోటు పుస్తకంలో తేదీ వేసింది. ఐదు సంచులకు సున్నాలు పెట్టింది. ఆరో దాని ఎదురుగా 'లెక్కకు చాలవు' అని రాసి కలం మూసింది. కడగవలసిన గాజు సామాను తీసుకుని సింకు దగ్గరికి వెళ్లింది.

నేను ఆ పళ్లేన్ని మళ్లీ కిటికీ వైపు ఎత్తాను. అంచున ఇంకొకటి ఉందేమోననిపించి, దగ్గరగా పెట్టుకుని చూశాను. అది మూత మీద గీత.